కారణం అడగని పుస్తకం

పోయిన ఉగాదికి ఇక్కడ క్రైస్ట్‌చర్చ్‌లో తెలుగువాళ్లం ఒక హాలు అద్దెకు తీసుకుని చేరాం. న్యూజిలాండ్‌లో ఉగాది ఆకురాలే కాలంలో వస్తుంది. వేపపువ్వు దొరక్క పచ్చడిలో కాకరకాయ ముక్కలు వేశారు. కొడుకు దగ్గరకు కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని వయసు అడిగింది. నలభై ఏడు అన్నాను. పిల్లలెంతమంది అంది. పెళ్లి చేసుకోలేదండీ అన్నాను. ఆవిడ పచ్చడి గ్లాసు కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది: "ఏం జరిగిందమ్మా?"

ఆవిడ మనసులో ఏ వంకరా లేదు. నాకేదో అన్యాయం జరిగి ఉంటుందని, విని ఓదార్చాలని ఆవిడ తాపత్రయం. ఎవరో మాటిచ్చి తప్పి ఉండాలి. లేకపోతే నాన్న త్వరగా పోయి చెల్లెళ్ల పెళ్లిళ్లు నా నెత్తిన పడి ఉండాలి. ఏమీ జరగలేదండీ అంటే నమ్మలేదు. "చెప్పుకోవాలనిపించినప్పుడు చెప్పు తల్లీ" అని చెయ్యి నిమిరింది.

ఆవిడా నేనూ ఒకే నవలలు చదివి పెరిగినవాళ్లం. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విడదీసి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచేది. యానాంలో మా ఇంటి అటక మీద అలాంటి కుట్టుపుస్తకాలు ఒక పెట్టెడు ఉండేవి. పదమూడేళ్లకే అన్నీ చదివేశాను. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగానికి వెళ్లే పేజీలు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. హీరో రాజశేఖరం కోసం కాదు, ఆ ఉద్యోగం కోసం. మిగతా ఆడపిల్లలు ఏ పేజీల దగ్గర ఊపిరి బిగపట్టేవాళ్లో ఆ పేజీలు నేను గబగబా తిప్పేసేదాన్ని. అది లోపమని అప్పుడు అనుకోలేదు. తర్వాత చాలా ఏళ్లు అనుకున్నాను. ఎందుకంటే ఆ పెట్టెలో పెళ్లికాని ఆడది కనిపించిన ప్రతిచోటా ఆమె వెనక ఒక కారణం ఉండేది. త్యాగం చేసిన అక్కో, మోసపోయిన టీచరమ్మో, మనసు విరిగిన హాస్టల్ వార్డెనో. ఏ కారణమూ లేకుండా, హాయిగా, తనకు అక్కర్లేదు కాబట్టి ఒంటరిగా ఉన్న మనిషి నాకు ఒక్క కథలోనూ ఎదురు కాలేదు.

ఆమె ఎదురైంది ఈ దేశంలో. కెరెవిన్ హోమ్స్ ఆమె పేరు. కెరి హ్యూమ్ రాసిన 'ది బోన్ పీపుల్' నవలలో మనిషి.

నేను 2013లో ఇక్కడికి వచ్చాను, స్ట్రక్చరల్ ఇంజనీరుగా. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపంలో 185 మంది చనిపోయారు, ఊరి నడిబొడ్డు నేలమట్టమైంది. దాన్ని మళ్లీ కట్టే రోజులవి. వచ్చిన కొత్తలో పాత పుస్తకాల అమ్మకంలో ఈ నవల రెండు డాలర్లకు కొన్నాను. ఊరు పేరు చూసి కొన్నానంతే, రచయిత్రి క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టిందని వెనక అట్ట మీద ఉంది. సగం చదివి మూసేశాను.

మూసేయడానికి కారణం చెప్పాలి. కెరెవిన్ చిత్రకారిణి. లాటరీ డబ్బుతో సముద్రం ఒడ్డున ఒక బురుజు కట్టుకుని ఉంటుంది. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సైమన్ అనే మాటరాని పిల్లాడు ఒకరోజు ఆ బురుజులోకి దూరతాడు. వాడిని పెంచుకుంటున్న జో భార్యనీ పసిబిడ్డనీ పోగొట్టుకున్న మావోరీ మనిషి. జో ఆ పిల్లాణ్ణి కొడతాడు, ఒకసారి ప్రాణం మీదకు వచ్చేంతగా. ఆ పేజీలు నేను తట్టుకోలేకపోయాను. ఇప్పటికీ జోను ఆ నవల దగ్గరకు తీసుకున్నంత తేలిగ్గా నేను తీసుకోలేను.

2021 డిసెంబర్ 27న కెరి హ్యూమ్ చనిపోయింది, డెబ్బై నాలుగేళ్ల వయసులో. ఆ వారం ఆమె గురించి చదువుతుంటే తెలిసింది, ఆమె తనను తాను ఏసెక్సువల్ అని, ఏరొమాంటిక్ అని చెప్పుకుందని. లైంగిక ఆకర్షణ కలగని మనిషి, ఎవరి మీదా వలపు పుట్టని మనిషి అని. ఆ రెండు మాటలూ నాకు కొత్త కాదు. కానీ బతికి, పని చేసి, ముసలితనం చూసి వెళ్లిపోయిన ఒక రచయిత్రి పేరు పక్కన అవి చూడటం అదే మొదటిసారి. అల్మారాలోంచి నవల తీసి మూసిన చోటనుంచే మొదలుపెట్టాను.

కొంత దూరం పోయాక ఒకచోట కెరెవిన్ తన సంగతి చెబుతుంది. తనకు ఆ కోరిక లేదనీ, ఎప్పుడూ లేదనీ. ఎవరూ తనను బలవంతం చెయ్యలేదు, వదిలెయ్యలేదు, బాధపెట్టలేదు. తన గతంలో వెతికినా దీనికి కారణమేదీ దొరకదంటుంది. నాలుగైదు వాక్యాలు, అంతే. అది చదివి పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అమ్మకు, పెద్దమ్మలకు, మొన్నటి ఆ ఉగాది పెద్దావిడకు నేను చెప్పలేకపోయిన జవాబు 1984లోనే అచ్చై ఉంది.

1984 అంటే ఆ మాటల చుట్టూ మనుషులు చేరకముందు. ఏసెక్సువల్ మనుషులు ఒకరినొకరు వెతుక్కోవడానికి అమెరికాలో డేవిడ్ జే ఏవెన్ అనే వేదిక మొదలుపెట్టింది 2001లో. కెరెవిన్ పదిహేడేళ్లు ముందే వచ్చేసింది.

ఆ రావడం కూడా తేలిగ్గా జరగలేదు. పెద్ద ప్రచురణకర్తలు ఆ రాతప్రతిని తిప్పి పంపారు, లేదా బాగా మార్చి తెమ్మన్నారు. హ్యూమ్ ఒప్పుకోలేదు. రాతప్రతిని పారదర్శకమైన ప్లాస్టిక్ దిమ్మలో పోత పోయించి తలుపుకు అడ్డుగా పెట్టుకుందామని కూడా అనుకుంది. చివరికి స్పైరల్ అనే స్త్రీల చిన్న బృందం 2,000 కాపీలు వేసింది. అవి వారాల్లో అయిపోయాయి. 1985లో బుకర్ వచ్చింది, ఈ దేశానికి అదే మొదటి బుకర్. బహుమతి అందుకోవడానికి హ్యూమ్ లండన్ వెళ్లలేదు. స్పైరల్ స్త్రీలే వెళ్లారు.

ప్రచురణకర్తలు అడిగిన మార్పుల్లో కెరెవిన్ స్వభావం ఉందని నేను అనను. కానీ ఒక మగవాడు, ఒక ఆడది, తల్లిలేని ఒక పిల్లాడు అనే మూడు ముక్కలు చేతికి వస్తే కథ అల్లేవాళ్ల చెయ్యి ఎటు పోతుందో మన అటక మీద పెట్టె చెబుతుంది. నవల్లో జో కూడా అదే ఆశపడతాడు. హ్యూమ్ ఆ చెయ్యి పోనివ్వలేదు. చివరికి కెరెవిన్ తన బురుజును తనే కూల్చి, నత్తగుల్లలా చుట్టు తిరిగే ఇల్లు కడుతుంది. ముగ్గురూ మళ్లీ కలుస్తారు. వలపు లేదు, పడక లేదు, కుటుంబం ఉంది. గోడలు నిలబడతాయో లేదో లెక్కలు వేసే వృత్తి నాది. ఆ ఇల్లు నిలబడుతుందని నాకు నమ్మకం కుదిరింది.

ఆ నాలుగైదు వాక్యాలనూ తెలుగులో రాసుకుందామని ఒక ఆదివారం కూర్చున్నాను. ఎవరికో చూపించడానికి కాదు, నా నోటుబుక్కు కోసం. అక్కడ చిక్కుపడ్డాను. కెరెవిన్ తనను న్యూటర్ అంటుంది, ఇంగ్లిష్ వ్యాకరణంలో మాట అది. తెలుగులో దానికి సరైన మాట నపుంసకం. వ్యాకరణ పుస్తకంలో అది పద్ధతిగానే ఉంటుంది, వీధిలోకి వస్తే తిట్టు. పైగా మన వ్యాకరణంలో ఆడది ఎప్పుడో అటు పక్కకు పోయింది. బండి వచ్చింది, ఆమె వచ్చింది, రెంటికీ ఒకే క్రియ, రెండూ అమహత్తులే. అలైంగిక అని రాశాను. వెంటనే పదో తరగతి జీవశాస్త్రం కళ్లముందుకు వచ్చింది. అలైంగిక ప్రత్యుత్పత్తి, రెండుగా విడిపోయే అమీబా, మొగ్గ తొడిగే హైడ్రా. పరీక్షలో ఆ బొమ్మలు వేసి మార్కులు తెచ్చుకున్నాను, కానీ నన్ను నేను అమీబా పక్కన రాసుకోలేను. బ్రహ్మచారిణి అంటే వ్రతం పట్టినట్టు. విరాగిని అంటే ఒకప్పుడు ఉన్న రాగం పోయినట్టు. సన్యాసిని అంటే వదులుకున్నట్టు. నేను దేన్నీ వదులుకోలేదు. పెళ్లికాని పిల్ల అనే మాట ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది, నలభై ఏడేళ్లకు కూడా. ప్రతి మాటలోనూ ఆ పెద్దావిడ ప్రశ్నే ఉంది.

ఏరొమాంటిక్ దగ్గర ఇంకా కష్టమనుకున్నాను. ప్రేమలేని మనిషి అని రాస్తే అది అపవాదు. అమ్మది ప్రేమే, కుక్కపిల్ల మీద ఉన్నదీ ప్రేమే. కానీ అక్కడే దారి దొరికింది. మన భాషలో వలపు వేరే ఉంది, మోహం వేరే ఉంది. మక్కువ, మమకారం, అభిమానం దేనికవి ఉన్నాయి. మా గోదావరి వాళ్లు రోజూ వాడే ఆపేక్ష ఉంది. "పిల్లకి నువ్వంటే ఆపేక్షే" అంటాం. ఇంగ్లిష్ వాళ్లు ఒక్క లవ్ అనే మాటను రొమాంటిక్ అనీ కాదనీ చీల్చుకోవాల్సి వచ్చింది. మనకు ముందే విడివిడిగా ఉన్నాయి. నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను: ఆమెకు వలపు తెలియదు, మోహం తెలియదు; ఆ ఇంట్లో ముగ్గురి మధ్యా ఆపేక్ష ఉంది. పదో తరగతి మాట అవసరం పడలేదు.

ఆక్లండ్‌లో ఉన్న మా అక్క కూతురికి పదిహేడేళ్లు. సెలవులకు వచ్చినప్పుడు "పిన్నీ, ఇది నువ్వు చదవాల్సిందే" అని ఆలిస్ ఓస్మన్ నవల 'లవ్‌లెస్' నా చేతిలో పెట్టింది. 2020లో వచ్చింది, మరుసటి ఏడు బ్రిటన్‌లో వైఏ బుక్ ప్రైజ్ గెలిచింది. జార్జియా అనే పిల్ల డరమ్ యూనివర్సిటీలో చేరి, అందరికీ పుట్టే వలపు తనకెందుకు పుట్టడం లేదని కంగారుపడి, చివరికి తన స్వభావానికి పేరు తెలుసుకుంటుంది. స్నేహితులనే గట్టిగా పట్టుకుంటుంది. ఇద్దరం కలిసి చూస్తున్న 'హార్ట్‌స్టాపర్' సీరియల్ రెండో సీజన్‌లో ఐజక్ అనే కుర్రాడు ఏసెక్సువల్ మనుషుల గురించి ఏంజెలా చెన్ రాసిన 'ఏస్' పుస్తకం అందుకునే చోట ఆ పిల్ల టీవీ ఆపి నా మొహంలోకి చూసింది. అది అడగలేదు, నేను చెప్పలేదు. పాప్‌కార్న్ గిన్నె నా ఒళ్లోకి జరిపింది.

ఆ పిల్లకు పదిహేడేళ్లకే పుస్తకం దొరికినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయినా ఒక మాట ఉంది. ఈ కొత్త పుస్తకాల్లో నా చేతికి వచ్చినవి ఎక్కువగా పద్దెనిమిదేళ్ల దగ్గరే ఆగుతున్నాయి. పేరు తెలిసింది, స్నేహితులు హత్తుకున్నారు, పుస్తకం అయిపోయింది. జార్జియాకు నలభై ఏడొచ్చాక ఎలా? పోయినేడాది నాకు పిత్తాశయం ఆపరేషన్ అయింది. ఆసుపత్రి ఫారంలో దగ్గరివాళ్ల పేరు రాయమంటే పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగాను. చివరికి పక్కింటావిడ పేరు రాశాను. పదేళ్లుగా నా కుండీలకు నీళ్లు పోసే మనిషి. బంధుత్వం అన్న గడిలో స్నేహితురాలు అని రాస్తే నర్సు "ఇంకెవరూ లేరా" అంది. నాలుగు రోజులూ ఆవిడే వచ్చింది, సూప్ తెచ్చింది, జడ వేసింది. ఇటువంటి ఇళ్ల కథలు కావాలి నాకు, తెలుగులో కావాలి. 'ది బోన్ పీపుల్'లో కెరెవిన్‌కూ జబ్బు చేస్తుంది, ఒక్కర్తే కొండల్లోకి పోతుంది. నాకు అన్నిటికంటే భయమైన పేజీలు అవే, అన్నిటికంటే అవసరమైనవీ అవే.

డార్సీ లిటిల్ బ్యాడ్జర్ రాసిన 'ఎలాట్సో' కూడా ఇష్టంగా చదివాను. లిపాన్ అపాచీ పిల్ల, ఏసెక్సువల్, కుక్క దయ్యంతో కలిసి హత్య గుట్టు విప్పుతుంది. ఆమె స్వభావం కథలో ఒక పక్కన ఉంటుంది, పని పనిలా సాగుతుంది. అది కూడా ఒక మర్యాద.

అక్టోబరు చివర్లో ఒకారిటో వెళ్లాను. దక్షిణ దీవి పడమటి ఒడ్డున, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఇళ్లున్న పల్లె. హ్యూమ్ అక్కడ తన ఇల్లు తనే కట్టుకుని ఏళ్ల తరబడి ఉంది. రాయడం ఎంతో వైట్‌బెయిట్ పట్టడం ఆమెకు అంత. సముద్రంలోంచి నదిలోకి ఎదురెక్కే అగ్గిపుల్లంత చేపపిల్లలు అవి. దారిలో ఒక దుకాణంలో వాటిని గుడ్డు సొనలో కలిపి అట్టులా వేసిచ్చారు. కారులోనే కూర్చుని అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను.

"ఓసి, ఇది మన చీరమేనే కదే!" అంది అమ్మ, మొహం ఫోనుకు ఆనించి. యానాంలో దీపావళి రోజుల్లో గ్లాసులతో కొలిచి అమ్ముతారు దాన్ని. అప్పుడు హ్యూమ్ గురించి చెప్పాను. రాసేదని, చేపలు పట్టేదని, ఇల్లు కట్టుకుందని.

"ఒక్కర్తేనా?"

"ఒక్కర్తే."

"ఎందుకు చేసుకోలేదంట?"

"ఏమీ జరగలేదంటమ్మా. మొదట్నించీ అంతేనంట."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. వెనక గోడ గడియారం కొట్టింది.

"నీలాగే" అంది.

"అవును."

"ఊఁ." మళ్లీ ఫోను దగ్గరకు జరిగింది. "అందులో గుడ్డొక్కటేనా వేశారు? అల్లం, పచ్చిమిరపకాయలు వెయ్యలేదా?"

"వెయ్యలేదు."

"కొంచెం పచ్చిది కొనుక్కుని వెళ్లు. చింతచిగురు దొరకదు కాబట్టి చింతపండే వెయ్యి, కానీ తక్కువ వెయ్యి. ఆ పక్కింటావిడకీ పెట్టు."