మానేసింది కారునా, మమ్మల్నా?

వయసు పైబడిన డ్రైవర్లను ఏళ్ల తరబడి గమనించే పరిశోధనలో ఫాలోఅప్ నా బాధ్యత. ఇక్కడ అమెరికాలో ఏటా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చూపు, మందులు, కారు సంగతులు అడుగుతాను. కొందరు ఎత్తరు. కొందరు ఇక చాలంటారు. కంప్యూటర్లో వీళ్లందరికీ ఒకటే గడి: 'తప్పుకున్నారు'. నాకు ఆ గడి అంటే భయం.

చూపు మందగించినవాళ్లు, తోడు పోయాక కొడుకింటికి చేరినవాళ్లు, చిన్న ప్రమాదం తర్వాత పిల్లలు తాళాలు తీసేసుకున్నవాళ్లు ముందుగా జారిపోతారు. మేం తెలుసుకోవాలనుకున్నది వాళ్ల గురించే. మిగిలినవారితోనే లెక్క కడితే ముసలితనంలో డ్రైవింగ్ ఉన్నదానికన్నా భద్రంగా కనిపిస్తుంది.

వడపోత చేరేటప్పుడే మొదలవుతుంది. అమెరికాలో 5 చోట్ల జరిగిన 'లాంగ్‌రోడ్' అధ్యయనం 2015–17 మధ్య 65–79 ఏళ్లవారు 2,990 మందిని చేర్చుకుంది. వారానికి ఒక్కసారైనా నడపాలి, జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిని ఉండకూడదు, రికార్డు చేసే పరికరం అమర్చాలి కాబట్టి కారు 1996 తర్వాతిదో ఆ ఏటిదో కావాలి. షరతులు న్యాయమైనవే. కానీ డొక్కు కారున్నవారు, నెలకోసారి మందులషాపు దాకా వెళ్లేవారు గడప అవతలే ఉండిపోయారు. కెనడా 'కాన్‌డ్రైవ్' అధ్యయనంలో 70, ఆపై వయసువారు 928 మంది, 7 నగరాల నుంచి. దాన్ని పట్టుకుని బస్సు రాని పల్లెలోని రైతు గురించి మాట్లాడాలంటే నేను జంకుతాను.

గణాంకాల్లో ఒక ఉపాయం ఉంది: తప్పుకున్నవారిని పోలినవాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, లెక్కలో వారికి ఎక్కువ బరువు ఇస్తాం. అది మేం కొలిచిన విషయాల వరకే పనిచేస్తుంది. చివరి ఫోన్ తర్వాత మతిమరుపు మొదలైతే ఏ సూత్రమూ దాన్ని పట్టుకోలేదు.

అందుకే చేరిన రోజే ఇంట్లోవాళ్ల నంబరు, లైసెన్సు రికార్డు చూసేందుకు అనుమతి తీసుకోవాలని పట్టుబడతాను. పరీక్షలకు ఆసుపత్రికి రాలేనన్నవారిని ఫోన్లో రెండు ప్రశ్నలైనా అడుగుతాను: డ్రైవింగ్ మానేశారా? ఎందుకు? డ్రైవింగ్ మానడం పరిశోధన నుంచి తప్పుకోవడం కాదు, అది మేం కొలిచే ఫలితం.

కారు అమ్మేసిన ఒకావిడ "ఇంక నాతో మీకేం పని?" అని అడిగారు. ఇప్పుడే ఎక్కువ పని ఉందన్నాను. మొదట ఎడమ మలుపులు, తర్వాత రాత్రిళ్లు, ఆ తర్వాత హైవే వదిలేశానని ఆవిడ వరసగా చెప్పారు. ఆ వరస అడిగే ప్రశ్న మా ఫారంలో లేదు. వచ్చే విడతలో చేర్చమని రాసి పంపాను.