గట్టు మీది పెద్దమనుషులు

మా కోవిల్‌పట్టి పేరు చెబితే బయటివాళ్ళకు గుర్తుకొచ్చేవి మూడు. కడలైమిఠాయి, అగ్గిపెట్టెలు, హాకీ. మొదటిదానికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రెండవది లైటర్లు వచ్చాక కొంత నీరసించింది. మూడవది మాత్రం ఎవరి గుర్తింపూ అడగకుండా తరతరాలుగా సాగుతూనే ఉంది. సాయంత్రం అయిదు గంటలకు మైదానం వైపు వెళ్ళి చూడండి. పిల్లలు హాకీ కర్రలు వీపున కట్టుకొని సైకిళ్ళ మీద వస్తుంటారు. వాళ్ళకంటే ముందే వచ్చి గట్టు మీద కూర్చొని ఉంటాము మేము.

మేము అంటే, మిల్లులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, ఒక అగ్గిపెట్టెల వ్యాపారి, ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టరు, మందుల షాపాయన, బ్యాంకు ఉద్యోగినైన నేను. మాలో ముగ్గురం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం. ఆట సవ్యంగా సాగుతున్నంతసేపు తమిళంలో కేకలు వేస్తాము. కోపం వచ్చిందంటే మా ముగ్గురికీ తెలుగే వస్తుంది. కొత్త ప్రాంతాన్నించి వచ్చిన అంపైరుకు అర్థం కాకపోవడం ఒక సౌకర్యం.

డ్రిల్లు మాస్టరు తప్ప మాలో ఎవరమూ జిల్లా జట్టుకు కూడా ఆడినవాళ్ళం కాము. అయినా ఏ కుర్రవాణ్ణి ఏ కాలేజీ తీసుకోవాలి, ఏ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరును మార్చాలి, ఏ విశ్వవిద్యాలయం సెలెక్షనులో అన్యాయం జరిగింది అనే విషయాలన్నిటిలో మా తీర్పులు ఎప్పుడూ సిద్ధమే. మీ ఊళ్ళోనూ ఇటువంటి గట్టు ఒకటి ఉండే ఉంటుంది. అక్కడ కబడ్డీయో, వాలీబాలో కావచ్చు. మాటలు మాత్రం ఇవే.

నేను 1987లో ఇక్కడి జి. వెంకటస్వామి నాయుడు కాలేజీలో బి.కాం.లో చేరాను. 1966లో స్థాపించిన కాలేజీ అది. అప్పట్లో మేమంతా మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం కింద ఉండేవాళ్ళం. ఉత్తరాన విరుదునగర్ సెంథికుమార నాడార్ కాలేజీ, ఆపైన మదురై కాలేజీలు, దక్షిణాన పాళయంకోట కాలేజీలు, అన్నీ ఒకే గొడుగు. ముందు కాలేజీల మధ్య పోటీలు, వాటిలోనుంచి విశ్వవిద్యాలయం జట్టు, ఆ జట్టు దక్షిణ మండలం పోటీలకు, అక్కడ నెగ్గితే అఖిల భారత పోటీలకు. ఈ మెట్లు ఇప్పటికీ ఇవే.

1990లో తిరునెల్వేలిలో మనోన్మణియం సుందరనార్ విశ్వవిద్యాలయం వచ్చింది. మా కాలేజీ అటు వెళ్ళింది. విరుదునగర్ మదురైతోనే ఉండిపోయింది. రెండు ఊళ్ళకూ మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు, నడుమ సాత్తూరు. 1985లో విరుదునగర్, 1986లో తూత్తుకుడి వేరే వేరే జిల్లాలు అయినప్పుడు గట్టు మీద ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విశ్వవిద్యాలయాలు వేరైనప్పుడు మాత్రం ఇల్లు పంచుకొన్నంత గొడవ జరిగింది.

“మంచిదే అయింది, మదురైవాళ్ళు మన పిల్లల్ని ఎప్పుడు చేర్చుకొన్నారు గనుక?” అని ఒక పక్షం. “గట్టి ఎదిరి లేకుంటే ఆట పెరగదు” అని రెండో పక్షం. ఇన్నేళ్ళ తర్వాత లెక్క చూస్తే రెండూ నిజమే. ఒక జట్టు ఉన్నచోట రెండు జట్లయినవి, పిల్లలకు చోట్లు రెట్టింపు అయినవి. ఆ చోట్ల వెనుక వచ్చే సర్టిఫికెట్లూ రెట్టింపు అయినవి. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆ కాగితానికి ఉండే విలువ తెలిసినవాళ్ళకు అది చిన్న సంగతి కాదు. కాని కాలేజీ పోటీల్లో విరుదునగర్ మీద గెలిచి రైల్లో పాడుకొంటూ వచ్చే ఆ రాత్రులు పోయినవి.

ఆ తర్వాత ఇంజనీరింగు కాలేజీల వంతు. 1984లో ఇక్కడ పెట్టిన నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీ కూడా, రాష్ట్రంలోని తక్కిన ఇంజనీరింగు కాలేజీలతోపాటు, 2001 తర్వాత అన్నా విశ్వవిద్యాలయం కిందికి పోయింది. దాంతో ఒకే వీధిలో ఒకే కర్రతో ఆట నేర్చుకొన్న ముగ్గురు పిల్లలు మూడు విశ్వవిద్యాలయాల చొక్కాలు తొడుక్కొని దక్షిణ మండలం పోటీల్లో ఎదురెదురుగా నిలబడే అవకాశం వచ్చింది. తల్లిదండ్రులు ఎవరి పక్షాన చప్పట్లు కొట్టాలో తెలియక ఇద్దరికీ కొడతారు.

ఈ గోల మన దగ్గరే అనుకొన్నాను. మా అన్న కొడుకు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉన్నాడు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే పండుగ. వాడు ఫోనులో చెప్పే కబుర్లు వింటే మా గట్టు ఎంత చిన్నదో తెలుస్తుంది. అక్కడ కాలేజీలు కూటములుగా చేరి ఆడుతాయి. టెలివిజన్ డబ్బు ఎక్కడ ఎక్కువ వస్తే ఆ కూటమికి మారుతాయి. టెక్సాస్ విశ్వవిద్యాలయానికీ, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికీ వంద సంవత్సరాలు దాటిన పోటీ. రెండవది 2012లో వేరే కూటమికి పోవడంతో ఆ ఆట నిలిచిపోయింది. మొదటిది కూడా 2024లో అదే కూటమికి వచ్చి చేరింది. ఆ ఏడాది నవంబరు 30న మళ్ళీ ఆడారు. పదమూడేళ్ళ తర్వాత! టెక్సాస్ 17-7తో గెలిచింది. పడమటి తీరంలో పన్నెండు కాలేజీల పాత కూటమి ఒకటి ఉండేది. ఆ 2024లోనే తక్కినవన్నీ వెళ్ళిపోయి దానిలో రెండంటే రెండు మిగిలినవి.

“చిన్నాయనా, 2023లో ఏ అండ్ ఎం వాళ్ళు కోచ్‌ని తీసేసినారు. తీసేసినందుకు ఆయనకు ఎంత ఇయ్యాల్సి వచ్చిందో తెలుసునా? ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే” అన్నాడు వాడు. నేను రెండుసార్లు అడిగి రాసుకొన్నాను. పనిచేసినందుకు కాదు, పని మానినందుకు. అభిమానులు ‘తీసెయ్యండి, తీసెయ్యండి’ అని అరిచిన అరుపుల ఖరీదు అది. నేను కామర్సు చదివినవాణ్ణి. ఈ ఖర్చును ఏ పద్దు కింద రాస్తారో ఇప్పటికీ అర్థం కాలేదు.

అయితే వాడు చెప్పిన ఇంకొక సంగతి నన్ను ఆలోచింపజేసింది. అక్కడ చాలాకాలం ఆటగాళ్ళకు చదువు, వసతి తప్ప డబ్బు ముట్టకూడదనేవారు. 2021 జులైనుంచి తమ పేరు మీద వ్యాపార ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చన్నారు. 2025లో ఒక కోర్టు ఒప్పందం తర్వాత కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకు పంచవచ్చని తేలింది, ఒక్కొక్క కాలేజీ ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు. మొత్తం ఎంతైనా కానివ్వండి. పిల్లవాడికి రావలసినది ఏమిటో కాగితం మీద ఉండాలన్న మాటకు అక్కడ విలువ వచ్చింది. మన దగ్గర అది ఇంకా నోటిమాటగానే ఉంది. ఆ నోటిమాట మీద ఒక పిల్లవాణ్ణి పంపించినవాణ్ణి నేను. ఇన్నాళ్ళూ గట్టు మీద చెప్పని ఆ సంగతి ఇక్కడ చెబుతున్నాను.

మా వీధి చివర ఒక అగ్గిపెట్టెల కార్మికుడి కొడుకు ఉండేవాడు. మనవాళ్ళే. కుడిపక్కనుంచి బంతి తీసుకొని పరుగెత్తితే గట్టు మీద మేము లేచి నిలబడేవాళ్ళం. 2014లో ప్లస్‌టూ అయిన వెంటనే వాడికి రెండు కాలేజీలనుంచి పిలుపు వచ్చింది. ఒకటి దగ్గరిది. ఫీజులో సగం తగ్గిస్తాము, ఇంటినుంచి వచ్చిపొమ్మన్నారు. రెండవది దూరాన ఒక నగరంలో ఉన్న పెద్ద కాలేజీ. అక్కడి పీ.డీ. స్వయంగా వచ్చి, “చదువు, హాస్టలు, భోజనం, బూట్లు, అంతా ఫ్రీ” అన్నాడు. తండ్రి గట్టు దగ్గరికి వచ్చి మమ్మల్ని అడిగాడు. దగ్గరి కాలేజీ అని ఒక్క డ్రిల్లు మాస్టరే అన్నాడు. నేను మాత్రం గట్టిగా చెప్పాను: “ఇక్కడ ఉంటే ఎవరు చూస్తారు? పెద్ద కాలేజీ అయితే బ్యాంకు జట్లు, రైల్వే జట్లు కళ్ళబడతాడు. ఏమీ ఆలోచించకుండా పంపు.” బ్యాంకు ఆఫీసరు మాట కదా, విన్నారు.

మొదటి సంవత్సరం వాడు విశ్వవిద్యాలయం జట్టులోకి వచ్చాడు. గట్టు మీద నా మాట నెగ్గింది. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

రెండో సంవత్సరంలో మోకాలి నరం తెగింది. ఆపరేషనుకు ఇంటివాళ్ళే అప్పు చేశారు. ఈలోగా అక్కడి పీ.డీ. మారాడు. కొత్తగా వచ్చినవాడు తన జట్టు తాను కట్టుకోవాలనుకొన్నాడు. “హాస్టలు ఫ్రీ అన్నది జట్టులో ఉన్నవాళ్ళకే” అని తేల్చారు. మునుపటాయన చెప్పినదానికి కాగితం ఏదీ లేదు. సంవత్సరం బకాయి కడితేగాని పరీక్షకు హాల్ టికెట్టు లేదన్నారు.

2016లో ఒక సోమవారం వాడి తల్లి మా బ్రాంచికి వచ్చింది. నగలలోను కౌంటరు దగ్గర వరుసలో నిలబడింది. నేను చూసి లోపలికి పిలిచాను. చిన్న గుడ్డమూట విప్పి మెడ గొలుసు, రెండు కమ్మలు బల్ల మీద పెట్టింది. బంగారం విలువలో నూటికి 75 వంతులు మించి ఇవ్వరాదని అప్పటి నియమం. తూకం వేయించి, లెక్క కట్టి చెప్పాను. ఆమె తల ఊపింది. తర్వాత, ఏ కోపమూ లేకుండా అంది:

“మీరు చెప్తిరి గదన్నా, అందుకే పంపినాము.”

సంతకం చేయవలసిన చోట ఆమె చేత వేలిముద్ర వేయించాను. ఆ వేలు పట్టుకొన్నప్పుడు నా చెయ్యి కాస్త వణికింది. ఇంకొక సంగతి అప్పుడే గుర్తుకొచ్చింది. 4 లక్షల వరకు విద్యారుణానికి ఏ తాకట్టూ అక్కరలేదు. ఆ సంగతి రోజూ పదిమందికి చెప్పేవాణ్ణి నేనే. చేరిన రోజునే అసలు ఖర్చు ఇంతవుతుంది, ఇంత ఫ్రీ, తక్కినదానికి లోను అని ఒక కాగితం మీద వేసి ఉంటే ఆమె కమ్మలు ఆమె చెవులకే ఉండేవి. ‘అంతా ఫ్రీ’ అన్నాక లెక్క ఎవరు వేస్తారు? వేయవలసినవాణ్ణి నేను. మాట ఇచ్చిన పీ.డీ.కి జీతం వచ్చింది. మాట చెప్పిన నాకు గట్టు మీద పేరు వచ్చింది. నష్టం పూర్తిగా ఒక్క ఇంటికే వచ్చింది.

పిల్లవాడు డిగ్రీ పూర్తిచేశాడు. మళ్ళీ పెద్ద ఆట ఆడలేదు. రెండేళ్ళలో నగలు విడిపించారు. ఇప్పుడు ఒక గోడౌనులో లెక్కలు రాస్తున్నాడు. సాయంత్రం మైదానానికి వచ్చి చిన్నపిల్లలకు బంతి ఆపడం నేర్పుతాడు. నేను కనబడితే “ఏం మామా, బాగుండారా?” అని నవ్వుతాడు. ఆ నవ్వుకు సరిగా బదులు చెప్పడం నాకు ఇంకా రాలేదు.

ఆటను చెడ్డ అనడం లేదు నేను. 2022 మే నెలలో మా ఊళ్ళో జూనియర్ జాతీయ పోటీలు జరిగినవి. అదే నెలలో జకార్తాలో మొదలైన ఆసియా కప్పులో మా కోవిల్‌పట్టి మారీశ్వరన్ శక్తివేల్, ఇక్కడి ప్రభుత్వ హాస్టలులో తయారైన అరియలూరు కార్తి సెల్వం భారత జట్టులో ఉన్నారు. కాంస్యం గెలిచి వచ్చారు. గట్టు మీద మేము మిఠాయి పంచాము. కాని అలా వెళ్ళినవాళ్ళు ఇద్దరు. మోకాలు పట్టుకొని తిరిగి వచ్చినవాళ్ళ పేర్లు మేము ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు జూన్ నెలలో ఎవరైనా తండ్రి వచ్చి అడిగితే ఏ కాలేజీ మంచిదో చెప్పను. అయిదు ప్రశ్నలు రాసి ఇస్తాను. ఫీజు తగ్గింపు మూడేళ్ళకా, ఒక్క ఏడాదికా? దెబ్బ తగిలి ఆడలేకపోతే హాస్టలు సంగతి ఏమిటి? వైద్యం ఖర్చు ఎవరిది? పీ.డీ. మారితే మాట నిలుస్తుందా? ఇదంతా ప్రిన్సిపాల్ సంతకంతో కాగితం మీద ఇస్తారా? మందుల షాపాయన నవ్వుతాడు. “హాకీకి కూడా లోను అప్లికేషను పెట్టినావా?” అంటాడు. పెట్టాను.

పోయిన జూన్‌లో ఒక తండ్రి ఆ కాగితం తీసుకొని వెళ్ళాడు. మూడోరోజున తిరిగి వచ్చాడు. నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసి, సంతకం, ముద్ర వేసి ఇచ్చారట. వైద్యం ఖర్చు దగ్గర మాత్రం ఖాళీగా వదిలారు. “ఇది చూసి ఏమి చేయమంటావు?” అని అడిగాడు.

“పిల్లవాడి పేరున ఒక బీమా కట్టు. తక్కినది మీ ఇష్టం” అన్నాను.

డ్రిల్లు మాస్టరు నా వైపు చూసి ఏమీ అనలేదు. ఆ రోజు టీ డబ్బులు ఆయన ఇచ్చాడు.