కోనసీమలో ఒక పురిటింటి ముచ్చట

రావులపాలెము కడ గౌతమి వంతెన దాటినది మొదలు కొత్తపేట మీదుగా అమలాపురము చేరువఱకు దారి పొడుగునను కొబ్బరితోటలును కాలువలును కన్నులకు చలువ చేయుచుండును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి నీరు కాలువలవెంట ఈ సీమ పొలములకెల్ల పారసాగెను.

మా మేనకోడలి తొలి పురుటికని నేను అమలాపురము పోయితిని. వదినెగారు పెట్టెలోనుండి యొక చిన్న వెండి తాయెత్తు తీసి చూపిరి. మేనకోడలు పుట్టినప్పుడు రాలిన బొడ్డు అందులో భద్రముగా నుండెను.

"అత్తయ్యా, అప్పుడు మీరు ఎండిన బొడ్డు దాచారు. ఇప్పుడు బొడ్డుతాడులోని రక్తాన్నే దాస్తారట!" అని మేనకోడలు రంగుల కాగితమొకటి నా చేతికిచ్చెను. బిడ్డకు ముందుముందు ఏ జబ్బు వచ్చినను ఆ రక్తమే కాపాడునని అందు వ్రాసియుండెను. అన్నగారు కొబ్బరి దింపు సొమ్మంతయు దానికే కట్టనెంచిరి.

ఆ రక్తమున మహిమ లేకపోలేదు. రక్తమును పుట్టించు మూలకణములు అందు గలవు. వానిని ద్రవ నైట్రోజనులో, సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో, ఏండ్ల తరబడి నిలువ చేయవచ్చును. 1988లో ప్యారిసు నగరమున ఎలియాన్ గ్లుక్‌మన్ అను వైద్యురాలు, ఫాంకోనీ రక్తహీనతతో బాధపడు బాలునికి వాని చెల్లెలి బొడ్డుతాడు రక్తమెక్కించి బ్రదికించెను.

అయినను, సోదరీమణులారా, ఆ బాలుని రక్షించినది తన రక్తము గాదు, చెల్లెలిది. థలసీమియా వంటి పుట్టు జబ్బున్న బిడ్డకు తన బొడ్డు రక్తములోను ఆ దోషమే యుండును. తనకై దాచుకొనుటకు శాస్త్రాధారము లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017లో తెలిపినది. ఇంట ముందు పుట్టిన బిడ్డకు అట్టి జబ్బున్నచో, వైద్యుల సలహాపై దాచుట యుక్తమే. అప్పుడును తోబుట్టువుల రక్తము పూర్తిగా సరిపడుట నాలుగింట నొకపాలే. సరిపడిన రోగి కెవరికైనను ఇచ్చెడి ధర్మనిధికి దానము చేయుట వేఱు. అది ఆనకట్ట నీటివలె పదుగురిది.

బిడ్డ పుట్టిన పిదప ఒక నిమిషమైనను ఆగి బొడ్డు కోయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ కొద్ది సేపటిలో దిగు రక్తము శిశువునకు నెలల తరబడి ఇనుము నిచ్చును.

ఇదంతయు విని అన్నగారు కాగితము మడిచి పెట్టిరి. మేనకోడలికి ఆడపిల్ల కలిగెను. బొడ్డు కోయుటకు ముందు వైద్యురాలు నిదానించినది. దింపు సొమ్ములో కొంత బాలింత పథ్యమునకు పోగా, మిగిలినది పిల్లపేర తపాలా కచ్చేరిలో వేసిరి. వదినెగారు మాత్రము కంసాలికి మఱియొక వెండి తాయెత్తు పురమాయించిరి.