కాశీకి పోతే పరిగెత్తబాక వదినా

వదినా, ఈ ఏడు మీ అత్తమ్మని కాశీకి తీసకపోవాలని అనుకుంటుండారంట గదా. ఎంత మంచి మాట! ఇంకో ఏడాదికని మాత్రం తొయ్యబాకండి. ఆయమ్మ ఇప్పుడు గుడి మెట్లు తనంతట తను ఎక్కుతుండాది. కాశీ అంటే మెట్లే మరి. గంగలోకి దిగాలన్నా మెట్లే, దర్శనం చేసుకుని గదికి రావాలన్నా మెట్లే. మన పెద్దలు అన్ని బాధ్యతలూ తీరినాక, నడుం వంగినాక కాశీకి పోయేవాళ్లు. ఆ కాలం వేరు. మోకాళ్లల్లో బలం ఉన్నప్పుడే చూపించాల వదినా. పిల్లల్ని గూడా తీసకపోండి. నాయనమ్మ పక్కన నిలబడి చూసింది వాళ్లకి పెద్దయినాక గూడా గుర్తుంటది.

నీ చేతిలో ఆ రంగు కాగితం చూసినాను. ప్రయాగ, కాశీ, గయ, అయోధ్య అన్నీ ఒక్క వారంలో తిప్పి తెస్తామని రాసుండారు. అందులో కాశీకి ఎంత ఇచ్చారు? ఒక రాత్రి, ఒక పగలు. పెద్దామె బస్సు దిగి వరసలో నిలబడి, ఒక్క క్షణం లింగాన్ని చూసి, మళ్లీ బస్సెక్కాల. దానికి అంత దూరం పోవాల్నా? నన్నడిగితే మీకై మీరు పోండి. ఊళ్లు తగ్గించుకుని కాశీలో నిలవండి.

ఎప్పుడంటావా? మీ ఆయనకి గుంటల్లో పట్టుబడి అయిపోవాల, మళ్లీ రొయ్య పిల్ల వదిలేలోపు తిరిగి రావాల, అదే గదా మీ లెక్క. అది చూసుకుంటానే అక్కడి వాన, చలి గూడా చూసుకోండి. శ్రావణ భాద్రపదాల్లో గంగ పొంగితే ఘాట్లన్నీ మునిగిపోతాయి, సాయంత్రం హారతి గూడా మేడల మీదికి మారుస్తారు. మార్గశిర, పుష్య మాసాల్లో చలి మనం తట్టుకునేది కాదు. మైపాడు సముద్రం గాలికి అలవాటైన వొళ్లు మనవి. పైగా మంచుకి రైళ్లు గంటల కొద్దీ ఆలస్యంగా నడస్తాయి. కార్తీక పౌర్ణమికి అక్కడ దేవ దీపావళి చేస్తారు. ఘాట్ల నిండా దీపాలే, చూడటానికి రెండు కళ్లు చాలవు గాని ముసలామెతో ఆ జనంలో పడలేము. శివరాత్రి సందడి తగ్గినాక, ఫాల్గుణంలో పోండి. తెల్లారుజామున కాస్త చల్లగా ఉంటది, అంతే.

ఎక్కడ దిగాలని బెంగ పెట్టుకోబాక. కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, హనుమాన్ ఘాట్ ఆ చుట్టుపక్కలంతా మన దక్షిణాది వాళ్ల ఇళ్లు, మఠాలు, సత్రాలే. మన తెలుగు వాళ్లకి ఆంధ్రాశ్రమం ఉంది. గది కోసం ముందే రాసుకోవాల. ఆ సందుల్లో నడస్తుంటే తెలుగు బోర్డులు కనిపిస్తాయి. పడవ వాళ్లు, పూల వాళ్లు గూడా మనతో తెలుగులోనే బేరం ఆడతారు. 2023లో గంగ పుష్కరాలు ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా జరిగినప్పుడు ఆ వీధులు మన వాళ్లతోనే నిండిపోయినాయి. ఆ పుష్కరాల్లోనే ఏప్రిల్ 29న కాశీ తెలుగు సంగమం గూడా జరిపారు. మళ్లీ గంగకి పుష్కరం 2035లోనే. అందాకా ఆగాలని మీ అత్తమ్మతో ఎవరైనా అంటే ఒప్పుకోబాకండి.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దలు ఊరికే అన్లేదు. ఆ రోజుల్లో దారి అంత కష్టంగా ఉండేది. ఏనుగుల వీరాస్వామయ్య గారని ఉండేవారు, మద్రాసులో సుప్రీం కోర్టు దుబాసీ. ఆయన 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, మళ్లీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. వందమంది దాకా పరివారం, పల్లకీలు, బోయీలు. పోయేటప్పుడు తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా పోయినారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని మన తూర్పు తీరం వెంబడే దిగి వచ్చారు. దారిలో ఏ ఊళ్లో నీళ్లు మంచివి, యాడ దిగటానికి వసతి ఉంది, ఏ వస్తువు దొరుకుద్ది అన్నీ రాసి పెట్టుకున్నారు. అదే కాశీయాత్ర చరిత్ర, 1838లో అచ్చయింది. తను పడిన కష్టం వెనక వచ్చేవాళ్లు పడకూడదని అంత శ్రద్ధగా రాసిన మనిషంటే నాకు చాలా గౌరవం. ఆయనకి పదిహేను నెలలు పట్టింది. మనం రైలెక్కితే విజయవాడ, నాగపూరు, జబల్పూరు దాటుకుని మూడో రోజుకల్లా గంగ ఒడ్డున ఉంటాం. దారిలో అంత కాలం మిగిలినప్పుడు ఆ ఊళ్లో నాలుగు రోజులు ఎక్కువ ఉండటానికేంది?

స్నానం సంగతి జాగర్తగా విను. మనం సముద్రం ఒడ్డున పుట్టినోళ్లం, నీళ్లంటే భయం లేదు. ఆ ధైర్యం అక్కడ చూపించకూడదు. సముద్రం మనిషిని వెనక్కి లాగుద్ది, అల చూసి అడుగేస్తాం. గంగ అట్ట కాదు, పైన నిమ్మళంగా ఉంటది, అడుగున పక్కకి తోస్తది. మెట్లకి నాచు పట్టి ఉంటది. రామతీర్థంలో సముద్ర స్నానానికి దిగినట్టు చేతులు వదిలేసి దిగబాకండి. పిల్లల చెయ్యి ఒకరు, అత్తమ్మ చెయ్యి ఒకరు పట్టుకోవాల. లేదంటే పడవ మాట్లాడుకుని అవతలి ఒడ్డుకి పోండి. ఆడ ఇసక తిన్నె, లోతు తక్కువ, నీళ్లు తేటగా ఉంటాయి. పడవ నడిపేవాళ్లు నిషాదులు, రాముణ్ణి గంగ దాటించిన గుహుడి వంశం మాదని చెప్పుకుంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వింటే మీ అత్తమ్మ ఎంత సంతోషపడుద్దో చూడు.

గుళ్ల వరస పెద్దామెనే అడగండి. మామూలుగా అయితే ముందు కాలభైరవుడు. ఆయన ఆ ఊరి కొత్వాలు, ఆయనకి చెప్పకుండా కాశీలో ఉండకూడదంటారు. పిల్లల చేతికి నల్ల దారాలు కట్టించండి, మన వీధి పిల్లలకి గూడా తెండి. తర్వాత డుంఢి గణపతిని చూసుకుని విశ్వనాథుడి కాడికి. ఇప్పుడున్న గుడి 1780లో ఇండోరు రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది, శిఖరాలకి బంగారం ఇచ్చింది పంజాబు మహారాజు రంజిత్ సింగ్. ఒకప్పుడు ఇరుకు సందుల్లో తోసుకుంటా పోయేవాళ్లు. 2021 డిసెంబరు 13న కొత్త కారిడార్ తెరిచినాక గంగ ఒడ్డున లలితా ఘాట్ నుంచి నేరుగా గుడికి పోవచ్చు. ఫోన్లు లోపలికి రానీరు, గదిలోనే పెట్టేసి పోండి. గర్భగుడిలో స్వామి చిన్నగా, వెండి పానవట్టంలో ఒక మూలగా ఉంటాడు. మొదటిసారి పోయినోళ్లు గుడి మధ్యలో వెతుకుతారు, ఇంతలో ముందుకి జరగమంటారు. అందుకే అత్తమ్మకి ముందే చెప్పి ఉంచు, లోపలికి అడుగుపెట్టగానే చూపు మూలకి పోవాలని. నాలుగు రోజులుంటే నాలుగు సార్లు పోవచ్చు. మొదటి రోజు కంగారులో చూడలేనిది మూడో రోజు కళ్ల నిండా చూస్తారు. సాయంత్రం ఏడింటికి సప్తర్షి హారతి ఉంటది, ఒక్కసారైనా చూపించండి.

పక్కనే అన్నపూర్ణమ్మ. బంగారు అన్నపూర్ణ ధన త్రయోదశి నుంచి అన్నకూటం దాకా మాత్రమే కనిపిస్తది, మిగతా రోజుల్లో మామూలు విగ్రహానికి మొక్కుకోవాల. విశ్వనాథుడి ప్రాంగణంలో ఇంకో అన్నపూర్ణ ఉంది. నూరేళ్ల కింద కాశీ నుంచి ఎత్తకపోతే కెనడాలో తేలింది, అక్కడి రెజీనా విశ్వవిద్యాలయం వాళ్లు తిరిగి ఇచ్చేశారు, 2021 నవంబరులో మళ్లీ కాశీలో ప్రతిష్ఠ చేశారు. ఆ తల్లి ముందు నిలబడితే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి వదినా. ఊరందరికీ అన్నం పెట్టే తల్లి అన్నేళ్లు పరాయి దేశంలో అద్దాల బీరువాలో కూర్చుంది.

విశాలాక్షి గుడి మీర్ ఘాట్ పైన. ఆ సందుల్లో మన పద్ధతి గోపురం కనపడగానే సొంత ఊరికి వచ్చినట్టు ఉంటది. ఆ గుడి చూసుకునేది తమిళనాడు నాట్టుకోట్టై చెట్టియార్లు. వ్యాసుడి కథ పిల్లలకి అక్కడే చెప్పండి. కాశీలో వ్యాసుడికి, శిష్యులకి భిక్ష దొరకలేదు. ఆకలి, కోపం కలిసి ఆ ఊరినే శపించబోయినాడు. అప్పుడా తల్లి ముత్తైదువలాగా గుమ్మంలోకొచ్చి, ముందు భోంచెయ్ నాయనా అని పిలిచి అందరికీ కడుపు నిండా పెట్టింది.  కాశీలో ఉండటానికి కోపిష్టి పనికిరాడని శివుడు వెళ్లగొడితే, మన శ్రీనాథుడు ఆ వ్యాసుణ్ణి తిన్నగా దాక్షారామానికి నడిపించుకొచ్చాడు. కాశీలో చోటు దొరకనివాడికి గోదావరి ఒడ్డున చోటిచ్చారు మనవాళ్లు! దాక్షారామాన్ని దక్షిణ కాశీ అంటారెందుకో పిల్లలకి దాంతో తెలిసిపోద్ది.

నన్ను ఒకే ఒక్క గుడి చెప్పమంటే మాత్రం కేదారేశ్వరుడి పేరే చెప్తా. కేదార్ ఘాట్ మెట్ల పైన, ఎర్ర తెల్ల చారల గోడలతో ఉంటది, దూరం నుంచి చూస్తే మన పక్క గుడే అనిపిస్తది. లింగం నున్నగా ఉండదు, గుట్టగా పోసినట్టు ఉండి మధ్యలో గీత ఉంటది. దానికి అక్కడి వాళ్లు చెప్పే కథ ఉంది. మాంధాత అనే భక్తుడు హిమాలయాల్లో కేదారుడి కోసం రోజూ పులగం వండి రెండు భాగాలు చేసేవాడంట. ఒకటి దేవుడికి, ఇంకోటి అతిథికి. ముసలితనం వచ్చి నడవలేకపోయినాడు. ఇంక నీ కాడికి రాలేను సామీ అని ఏడిస్తే, శివుడే పార్వతితో సహా అతిథిగా ఈడికొచ్చి ఆ పులగంలోనే రాయై వెలిశాడంట. ఆ గీత రెండు భాగాలకీ మధ్య గీతే. మా అత్తకి ఈ కథ చెప్పింది గుడి మెట్ల మీద పూలమ్మే ఒక తమిళ ముసలామె. విన్నాక మా అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుంది, మధ్యాహ్నం దాకా లేవలేదు. మేము లేపలేదు. ఆ రోజు ఇంకే గుడికీ పోలేదు. యాత్రంతటిలో ఆమె ఈరోజుకీ చెప్పుకునేది ఆ పూటే. కాగితం ప్రకారం తిరిగుంటే ఆ పూట ఉండేదా, చెప్పు?

సంకట మోచన హనుమంతుడు, దుర్గా కుండ్ ఎర్ర గుడి, తులసీ మానస మందిరం ఒక్క సాయంత్రం ఆటో మాట్లాడుకుంటే అయిపోతాయి. పంచగంగా ఘాట్‌కి మాత్రం పడవలో పోండి. త్రైలింగ స్వామి మఠం ఆడుంది. ఆయన మన విజయనగరం పక్క తెలుగాయన. కాశీలో ఏళ్ల తరబడి ఉండి 1887లో సమాధి అయినాడు. రామకృష్ణ పరమహంస ఆయన్ని చూసి నడిచే శివుడన్నారు. అంతటి మనిషి మనవాడని కాశీకి పోయొచ్చిన మన వాళ్లల్లోనే శానా మందికి తెలీదు, అదే నా బాధ.

గయకి అందరూ పోనక్కర్లేదు. మీ ఆయన, మీ బావగారు పోయి పిండాలు పెట్టి వస్తారు, ఆ రోజు ఆడవాళ్లు, పిల్లలు గంగ ఒడ్డునే ఉండొచ్చు. గయలో అక్షయవటం కింద ఇంక తినమని వదిలే కాయ, పండు సంగతి పెద్దామెతో ముందే మాట్లాడండి. ఎప్పుడూ తినని కాయ వదిలేస్తే వదిలినట్టా? ఇష్టమైంది వదలాల, అప్పుడే అది దేవుడికిచ్చిన మాట. ప్రయాగలో వేణీదానం ఉంటది. నీ జడ మీ ఆయన అల్లి, కొసలో కాస్త కత్తిరించి త్రివేణికి ఇవ్వాల. సిగ్గుపడబాక. అంతమందిలో మొగుడు పెళ్లాం జడ అల్లటం నాకు ఎంత బాగా అనిపించిందో!

పూజల దగ్గర ఎవరైనా ఒకటికి పది అడిగితే ముందే మాట తేల్చుకోండి, సంకల్పం మొదలయ్యాక బేరం ఆడలేము. ఆంధ్రాశ్రమం పక్కనున్న పురోహితుల్ని పెట్టుకుంటే మాట తెలుగులోనే అయిపోద్ది, మంత్రం అర్థం గూడా అడిగి తెలుసుకోవచ్చు.

ఇంక రోజుల సంగతి. తల్లి కడుపులో తొమ్మిది నెలలకి బదులు కాశీలో తొమ్మిది నిద్రలు చెయ్యాలని మన పెద్దోళ్ల మాట. అన్ని రోజులు గుంటలు వదిలి ఉండలేనని మీ ఆయన అంటే, ఆయన మధ్యలో వచ్చేయనీ. నువ్వు, అత్తమ్మ, పిల్లలు ఉండండి. తోడుకి మా తమ్ముణ్ణి పంపిస్తా, వాడికి హిందీ వచ్చు. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తుండారు. ఫాల్గుణానికి లెక్క కట్టి, తెరిచిన రోజు పొద్దున ఎనిమిదింటికే కూర్చుని తీయించండి. పెద్దామెకి కింది బెర్తు అడగండి. తిరుగు టికెట్టు మాత్రం తొమ్మిది నిద్రలు అయినాకే, పదో నాటికి తియ్యండి.