మన ఆకాశం లెక్క వేరు

వడ్డేశ్వరంలో నేను చూడాలనుకున్నది మిద్దె మీది యాంటెన్నా ఒకటి. తాడేపల్లి నుంచి కుంచనపల్లి మీదుగా వెళితే కె.ఎల్. విశ్వవిద్యాలయం వస్తుంది. 1980లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై, 2009లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది. అక్కడి ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ విభాగం వాళ్లు ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని ఉన్నారు. ఉపగ్రహం నుంచి విమానానికి వచ్చే నావిగేషన్ సంకేతాన్ని మన నెత్తిమీది అయనోస్ఫియర్ ఎంత ఆలస్యం చేస్తుంది, ఎప్పుడు చెదరగొడుతుంది, ఆ సంగతి ముందే చెప్పగలమా అని. విమానాల పరిశోధన అనగానే రెక్కలూ ఇంజన్లూ గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ కనబడవు. అయినా పైలట్‌కి రన్‌వే ఎక్కడుందో సరిగ్గా తెలియడానికి ఈ లెక్కే ఆధారం.

మిద్దె ఎక్కితే ఎండ మాడ్చేస్తోంది. మార్చి నెల. గుంటూరు వైపు కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు. యాంటెన్నా నుంచి కేబుల్ కిందికి దిగి ఒక గదిలోని రిసీవర్‌లోకి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి పోతోంది. ఇలాంటి రిసీవర్లు ఒక్కో ఉపగ్రహం సంకేతాన్ని సెకనుకు 50 సార్లు కొలుస్తాయి. తెర మీద గుండ్రటి పటం, అందులో ఆ క్షణాన మన పైన ఉన్న ఉపగ్రహాలు చుక్కలుగా. వివరిస్తున్న పరిశోధక విద్యార్థినిని అడిగాను, "ఇది ఎప్పుడు ఆపుతారమ్మా?" అని. "ఆపం సార్. ఆపితే ఆ రోజు డేటా మళ్లీ రాదు" అంది.

జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. సంకేతం బయలుదేరిన సమయానికీ, చేరిన సమయానికీ తేడా చూసి రిసీవర్ దూరం కడుతుంది. దారిలో సూర్యకాంతికి అణువులు విడిపోయి ఎలక్ట్రాన్లు తేలాడే పొర ఉంది. ఈ అయనోస్ఫియర్ సంకేతాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది. చదరపు మీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న నిట్టనిలువు గొట్టంలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో లెక్కగట్టి, దాన్ని టెక్ యూనిట్లలో చెబుతారు. ఒక్క యూనిట్ పెరిగితే జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర దూరం లెక్క సుమారు 16 సెంటీమీటర్లు తప్పుతుంది. తెల్లవారుజామున ఈ యూనిట్లు బాగా తక్కువ. సూర్యుడు ఉధృతంగా ఉన్న సంవత్సరాల్లో, మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళకి మన ప్రాంతాల్లో వంద దాకా పోగలవు. అంటే నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికే 16 మీటర్ల తప్పు. దిగంతానికి దగ్గరగా ఉన్న ఉపగ్రహమైతే ఇంకా ఎక్కువ. రెండు పౌనఃపున్యాల మీద సంకేతం అందుకునే రిసీవర్ ఈ తప్పును తానే చాలావరకు తీసేసుకుంటుంది. ఒక్కదానితో పనిచేసేదానికి బయటి నుంచి దిద్దుబాటు అందాలి.

ఇదంతా అమెరికా వాళ్లు ఎప్పుడో చేశారు కదా, మళ్లీ ఇక్కడెందుకు అని అడిగేవాళ్లుంటారు. అక్కడి ఆకాశం వేరు, మనది వేరు. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963 నవంబరు 21న మన దేశం నుంచి తొలి రాకెట్‌ను కేరళలోని తుంబాలో వదలడానికి కారణం అదే. పగటిపూట ఆ రేఖ మీద ఎలక్ట్రాన్లు పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు జారి, ఒక్కో పక్క సుమారు 15 డిగ్రీల అయస్కాంత అక్షాంశం దగ్గర గుమిగూడతాయి. ఉత్తరపు గుట్ట అహ్మదాబాద్, కోల్‌కతా వైపు పడుతుంది. తాడేపల్లి ఈ వాలు మధ్యలో ఉంది. కొద్ది వందల కిలోమీటర్లలో లెక్క మారిపోతుంది, అదీ రోజుకో తీరుగా. అమెరికా, యూరప్‌ల మీద ఈ పొర చాలా రోజులు నెమ్మదిగా, సమంగా ఉంటుంది. అక్కడ పనిచేసిన సూత్రం ఇక్కడ నిలవదు.

ఈ సంగతి తేల్చినవాళ్లలో తెలుగువాళ్లు ముందు వరుసలో ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు కాలం నుంచే అయనోస్ఫియర్ పరిశోధన బలంగా సాగింది. ఆ సంప్రదాయంలోనే పి.వి.ఎస్. రామారావు బృందం 2006లో ఒక ముఖ్యమైన పత్రం వెలువరించింది. లెక్క సులువు కావడానికి ఈ మందపాటి పొరనంతా 350 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పల్చని రేకుగా భావించడం ప్రపంచమంతటా అలవాటు. ఉపగ్రహం 50 డిగ్రీల కన్నా ఎత్తున ఉన్నప్పుడే భారత ప్రాంతంలో ఆ ఊహ చెల్లుతుందని వాళ్లు చూపించారు. వడ్డేశ్వరంలో నేను చూసిన పనికి వెనక ఇంత చరిత్ర ఉంది. తెలుగు పత్రికలు ఈ చరిత్రను ఎక్కడా సరిగ్గా రాయలేదని నా బాధ.

ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థకు ఈ జ్ఞానమే పునాది. దేశంలోని 15 రిఫరెన్స్ స్టేషన్లు జీపీఎస్ తప్పును కొలుస్తాయి. దిద్దుబాటు జీశాట్ ఉపగ్రహాల ద్వారా విమానానికి అందుతుంది. మన పొర కోసం పల్చని రేకును వదిలి, అనేక పొరలను కలిపి లెక్కించే నమూనాను ఇస్రో తయారుచేసుకోవాల్సి వచ్చింది. 2013 డిసెంబరు 30న ప్రయాణ మార్గానికి, 2015 ఏప్రిల్ 21న నిలువు మార్గదర్శకంతో దిగడానికి అనుమతులు దొరికాయి. రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది. ఖరీదైన ల్యాండింగ్ పరికరాలు పెట్టలేని చిన్న విమానాశ్రయాలకు ఇది వరం. అయితే ఇక్కడ కచ్చితత్వం ఒక్కటీ చాలదు. లెక్క హద్దు మీరి తప్పితే ఆ సంగతి పైలట్‌కి సెకన్లలో తెలియాలి. తప్పు ఎంత పెద్దది కావచ్చో ముందుగా తెలియని వ్యవస్థ, ఆ హెచ్చరికను నమ్మకంగా ఇవ్వలేదు.

అందుకే వడ్డేశ్వరం విభాగంలో పని ముందస్తు అంచనా వైపు మళ్లింది. మొదట్లో కాలక్రమ గణాంక పద్ధతులు, తర్వాత న్యూరల్ నెట్‌వర్కులు. సూర్యుడి రేడియో తీవ్రత, భూ అయస్కాంత సూచికలు, గత గంటల కొలతలు ఇస్తే, రాబోయే గంటల టెక్ ఎంతో నమూనా చెబుతుంది. మామూలు రోజుల్లో అంచనా బాగానే కుదురుతుంది. అసలు చిక్కు అయస్కాంత తుపాను రోజున. 2024 మే 10న వచ్చినంత తీవ్రమైనవి అరుదు. అరుదైనదాన్ని నమూనాకు నేర్పాలంటే ఉదాహరణలే తక్కువ. సౌరచక్రం సుమారు 11 ఏళ్లు. ఒక్క చక్రం పూర్తిగా చూడాలంటే కొలతలు అంతకాలం తెగకుండా ఉండాలి. ఆ అమ్మాయి "ఆపం సార్" అన్న మాటలో ఇంత అర్థం ఉందని తర్వాత తెలిసొచ్చింది.

పొద్దుగూకే దాకా అక్కడే ఉన్నాను. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సూర్యాస్తమయం తర్వాత మరో సంగతి జరుగుతుంది. పొర కింది భాగం త్వరగా పల్చబడుతుంది, పైభాగం చిక్కగా ఉండిపోతుంది. నీళ్ల అడుగున నూనె పోస్తే ఎలా బుడగలై పైకి తన్నుకొస్తుందో, అలా పల్చని ప్లాస్మా బుడగలు వందల కిలోమీటర్ల ఎత్తుకు లేస్తాయి. వాటి గుండా వచ్చే సంకేతం నక్షత్రంలా మిణుకుమంటుంది. ఆ మిణుకును ఎస్-4 అనే సూచికతో కొలుస్తారు. అది బాగా పెరిగితే రిసీవర్ ఆ ఉపగ్రహాన్ని పూర్తిగా పోగొట్టుకుంటుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని ఎం.ఎస్.టి. రాడార్ కూడా ఈ అలజడిని గమనిస్తుంది. రాడార్ చూసేదీ, రిసీవర్ అనుభవించేదీ పక్కపక్కన పెట్టి చదివితేనే బుడగ పుట్టుక అర్థమవుతుంది.

ఇది పైలట్ల సమస్యే అనుకోకండి. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే, ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కొలిచే రోవర్ల మీద నడిచింది. మిరప చేల మీద మందు కొట్టే డ్రోన్ తన దారి పట్టుకునేదీ ఈ సంకేతాలతోనే. "రోవర్‌కి ఫిక్స్ రావట్లేదు" అని సర్వేయర్ మధ్యాహ్నం పూట పొలం గట్టు మీద నిలబడిపోతే, దాని కారణాల్లో ఈ ఎలక్ట్రాన్ల పొర ఒకటి కావచ్చు. రైతు హద్దురాయి ఎక్కడ పాతాలన్న ప్రశ్నకి కూడా ఈ పరిశోధన కావాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. వాటి యాజమాన్యాలకు నా విన్నపం ఇది. మీ మిద్దె మీద కూడా రెండు పౌనఃపున్యాల రిసీవర్ ఒకటి పెట్టండి. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ ఏర్పాటు చేయండి. కొలతలను మీ దగ్గరే దాచుకోకుండా, అడిగిన ప్రతి విద్యార్థికీ ఇవ్వండి. వచ్చే సౌరచక్రం ఉధృతమయ్యేనాటికి చీరాల నుంచి మాచర్ల దాకా మన ఆకాశం లెక్క మన దగ్గరే ఉండాలి.