రాక్షసగుళ్ళు ఎవరు కట్టారు?

తెలుగుదేశంలో ఊరి పొలిమేర దాటి గుట్టల వాలుల్లోకి పోతే అక్కడక్కడ ఒక వింత కట్టడం కనిపిస్తుంది. నాలుగు బండలు నిలువుగా పాతి, వాటిపైన ఐదో బండను కప్పి, చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చి ఉంటాయి. జనం వీటిని రాక్షసగుళ్ళు అంటారు. కొన్నిచోట్ల పాండవగుళ్ళు అంటారు. ఇవి గుళ్ళూ కావు, రాక్షసులు కట్టినవీ కావు. ఇనుము వాడకం నేర్చిన మన పూర్వులు, క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలోనూ అంతకు కొంత ముందూ, తమ మృతుల అస్థికలను కుండలతోనూ ఇనుప పనిముట్లతోనూ కలిపి భద్రపరచిన సమాధులివి. మార్కాపురంలో చరిత్ర పాఠాలు చెప్పుకునే నాకు ఈ సమాధులకంటె ముందు వాటి పేరే ఆలోచన కలిగిస్తూ వచ్చింది.

ఇంత పెద్ద బండను మనిషి ఎత్తలేడు, కనుక రాక్షసుడు ఎత్తాడు. ఇదీ ఆ పేరు వెనక ఉన్న తర్కం. దీన్ని పామరుల అజ్ఞానమని తీసిపారేయడం సులభం. కాని ఇందులో ఒక విషాదం ఉంది. తన తాతలు నెత్తురు చెమటగా మార్చి నిలబెట్టిన బండను చూసి, అది తనవాళ్ళ పని అని మనుమడు నమ్మలేకపోతున్నాడు. తరతరాలుగా శ్రమ ఒకరిది, కీర్తి మరొకరిది అయిన సమాజంలో మనిషి తన చేతిబలాన్నే మరచిపోతాడు. షాజహాను సమాధి విషయంలో కట్టించినవాడి పేరైనా మిగిలింది. ఇక్కడ కట్టించినవాడూ పోయాడు, కట్టినవాడూ పోయాడు, రాక్షసుడు మిగిలాడు.

ఈ పొరపాటు మన పల్లెజనానికే పరిమితం అనుకోకండి. 1876లో ష్లీమన్ అనే జర్మను ధనికుడు గ్రీసు దేశంలోని మైసీనీ కోటలో సమాధులు తవ్వించాడు. శవాల ముఖాలపైన బంగారు ముసుగులు దొరికాయి. ఇంకేముంది, ట్రాయి యుద్ధం నడిపిన ఆగమెమ్నాన్ దొరికాడన్నాడు. తీరా ఆ సమాధులు ట్రాయి యుద్ధకాలంగా చెప్పేదానికి కొన్ని వందల ఏళ్ళు ముందటివని తేలింది. మనవాళ్ళు భారతం విని పాండవులన్నారు. ఆయన హోమరును చదివి ఆగమెమ్నాన్ అన్నాడు. భేదం చదువులో ఉందిగాని ఆలోచనలో లేదు.

ఒకసారి విద్యార్థులను వెంటబెట్టుకుని ఇటువంటి సమాధి ఒకటి చూడబోయాను. వారిలో ఒక పిల్లవాడి తండ్రి పలకల గనిలో కూలి. మేమంతా కప్పుబండ మీద చేతులు వేసి ఆశ్చర్యపడుతూంటే, ఆ పిల్లవాడు బండ అంచును తడిమి చూశాడు.

"ఇది మా పలకరాయి మాదిరి పొరలుగా ఊడే రాయి కాదు సార్. నిప్పు పెట్టి ఊడదీసి ఉంటారు. ఇక్కడికి దొర్లించడానికే ఊరు ఊరంతా కదలాల," అన్నాడు. కొంచెంసేపాగి, "లోపల పెట్టింది ఒకరినో నలుగురినో గదా సార్, మోసినోళ్ళను యాడ పూడ్చినారు?" అని అడిగాడు.

ఈ ప్రశ్న పురావస్తు శాస్త్రానికంతటికీ వెయ్యవలసిన ప్రశ్న. దక్షిణాపథంలో ఇనుపయుగపు సమాధులు లెక్కకు మించి ఉన్నాయి. ఆ సమాధులు కట్టినవారు కాపురమున్న ఊళ్ళు మాత్రం బహు కొద్దిగా బయటపడ్డాయి. 1947లో వీలర్ బ్రహ్మగిరిలో సమాధులనూ నివాసస్థలాన్నీ కలిపి తవ్వించడం అందుకే పెద్ద మేలుమలుపు అయింది. సమాధి రాయి, ఊరు మట్టి. రాయి నిలుస్తుంది, మట్టిగోడ, బోదకప్పు నాలుగు వానలకు కరిగిపోతాయి. అంతేకాదు, సమాధిలో వస్తువు దొరుకుతుంది, ఊళ్ళో బూడిదా పెంకులూ దొరుకుతాయి. తవ్వేవాడి చూపు దేనిమీద పడుతుందో చెప్పనక్కరలేదు.

ప్రాచీన గ్రీసు కథ కూడా ఇంతే. మైసీనీ ప్రభువులు కూలిపోయాక వచ్చిన శతాబ్దాల గురించి మనకు తెలిసినదాంట్లో పెద్దభాగం సమాధులనుంచి వచ్చినదే. ఏథెన్సులో ఆనాటి ప్రసిద్ధమైన శ్మశానం పేరు కెరామెయికోస్, అంటే కుమ్మరివాడ. యుబోయా ద్వీపంలో లెఫ్కాండి అనేచోట 1980 దశకం ఆరంభంలో సుమారు క్రీ. పూ. 950 నాటి ఒక మహాభవనం బయటపడింది. పొడవు దాదాపు 50 మీటర్లు. లోపల కంచుపాత్రలో ఒక పురుషుడి చితాభస్మం, పక్కన బంగారునగలతో ఒక స్త్రీ, వేరొక గుంటలో నాలుగు గుర్రాలు! ఆ కాలంలో అందరికీ ఇటువంటి గౌరవం దక్కిందా? ఇయాన్ మోరిస్ అనే చరిత్రకారుడు 1987లో ఒక గ్రంథం రాసి, ఏథెన్సులో చాలాకాలం పద్ధతి ప్రకారం సమాధి పొందే హక్కు పైవర్గాలదేననీ, క్రీ. పూ. ఎనిమిదో శతాబ్దంలో పౌరసమాజం తలయెత్తినప్పుడే సామాన్యుడికి సమాధి దక్కిందనీ వాదించాడు. మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇది ఒక జవాబు: మోసినవారికి గుర్తు మిగిలే చావు కూడా లేదు.

మార్క్సిస్టు పురావస్తువేత్త గోర్డన్ చైల్డ్ 1945లోనే మరొక మెట్టు ఎక్కాడు. అధికారం కుదురుకున్న సమాజంలో సమాధులు ఆడంబరంగా ఉండవనీ, కొత్తగా తలయెత్తి ఇంకా స్థిరపడని అధికారమే చనిపోయినవారి మీద సంపద కుమ్మరిస్తుందనీ ఆయన సూచించాడు. దీన్ని మన రాక్షసగుళ్ళకు యాంత్రికంగా అతికించకూడదు. ఆనాటికే ఇక్కడ వర్గసమాజం పూర్తిగా ఏర్పడిందనడం తొందరపాటు. ఒక్కొక్క సమాధిలో పలువురి ఎముకలు కలిసి ఉండడం వంశబంధాన్ని కూడా సూచించవచ్చు. కాని పదిమంది చేత బండ మోయించగల మాట ఒకరికి ఉన్నదన్నంతవరకు సందేహం లేదు.

ఆ మాట ఎల్లకాలం లేదు. మా గిద్దలూరు పరిసరాల్లో దొరికిన రాతిపనిముట్ల గురించి కె. వి. సౌందరరాజన్ 1952లో ఒక వ్యాసం ప్రకటించారు. అప్పటికి మా ప్రాంతం కర్నూలు జిల్లాలోది; 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది. ఏటి గులకల మధ్య దొరికిన ఆ రాతిగొడ్డళ్ళలో దొర గొడ్డలి అనీ, కూలి గొడ్డలి అనీ లేవు. ఈ నేలమీద మనిషి వదిలిన మొదటి సంతకం పనిముట్టు. బండసమాధి ఎంతోకాలానికిగాని రాలేదు.

ఇదంతా చచ్చినవాళ్ళ సంగతి కదా అనేవారికి ఒక్క మాట. మా పల్లెల్లో నేటికీ శ్మశానం ఊరిదొకటి, వాడదొకటి. పలకల దుమ్ము పీల్చి రోగంతో పోయినవాడిని పూడ్చడానికి ఆరడుగుల నేలకోసం అర్జీలు పెట్టుకోవలసిన వాడలు ఉన్నాయి. వెలిగొండ ప్రాజెక్టు కింద నల్లమలసాగరంలో మునిగే గ్రామాలు 11. నీళ్ళు మాకు ప్రాణావసరం, అందులో తగవు లేదు. కాని ఆ ఊళ్ళవాళ్ళు ఇళ్ళతోపాటు తాతముత్తాతల సమాధులు కూడా వదులుకుంటున్నారు. నాగార్జునసాగర్ నీటిలో మునగకముందు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వి, నూతనశిలాయుగపు జాడలనూ, రాక్షసగుళ్ళనూ, ఇక్ష్వాకుల విజయపురినీ నమోదు చేశారు. ఇక్ష్వాకులకు దక్కిన శ్రద్ధ ఈ 11 ఊళ్ళకూ దక్కాలని అడగడం అత్యాశా?

అధ్యాపకులూ విద్యార్థులూ చేయదగిన పని ఒకటుంది. రాక్షసగుడి కనపడితే తవ్వవద్దు. తవ్వడం శాస్త్రజ్ఞుల పని. అది ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో రాసిపెట్టండి. కంకర కోసం పగలగొడుతూంటే అధికారులకు తెలియజేయండి. తరవాత దానికి వీపు తిప్పి చుట్టూ నడవండి. దగ్గరలో నీరెక్కడ? దున్నిన చేలో నలుపూ ఎరుపూ కలిసిన కుండపెంకులు, ఇనుపచిట్టెం, అరిగిన తిరగలిరాయి కనిపిస్తున్నాయా? అక్కడుంటుంది ఊరు. బండ మోసినవాడు అన్నం తిన్న చోటు అదే.