‘అలుపెరుగని’ అనే విశేషణం

రెండేళ్ల క్రితం వొక మధ్యాహ్నం ప్రబంధయుగం గురించి పాఠం చెబుతున్నాను. అరగంట గడిచేసరికి మాట ముక్కుతో రావడం మొదలైంది. ఎడమ కనురెప్ప వాలిపోయింది. నల్లబల్ల మీది అక్షరాలు రెండేసిగా కనిపించాయి. కుర్రాళ్లు నవ్వారు. మర్నాడు పొద్దున గొంతు మామూలుగానే వుంది. అందుచేతనే నన్నెవరూ నమ్మలేదు. సాయంత్రం క్లాసులు తప్పించుకోడానికి వేషం వేస్తున్నానన్నారు. గంటల లెక్కన జీతం తీసుకునేవాణ్ణి; తప్పించుకుంటే నష్టపోయేది నేనే. అయినా కొన్నాళ్లకు నామీద నాకే అనుమానం కలిగింది.

జబ్బు పేరు మయస్థీనియా గ్రేవిస్ అని తెలియడానికి ఆరునెలలు పట్టింది. నరం చివరనుంచి ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం వెలువడి, కండరం మీది గ్రాహకాలను తాకితేనే కండరం కదులుతుంది. రోగక్రిములతో పోరాడవలసిన ప్రతిరక్షకాలు యీ జబ్బులో ఆ గ్రాహకాలనే అడ్డగించి నాశనం చేస్తాయి. మొదటి కదలికలకు మిగిలినవి సరిపోతాయి. పదేపదే కదిపితే వెలువడే రసాయనం తగ్గి, అవి చాలకుండా పోతాయి. విశ్రాంతి దొరికితే బలం కొంత తిరిగి వస్తుంది. అంటే, పనిచేస్తేనే బయటపడే జబ్బు యిది.

చాలాసేపు మాట్లాడితే మాట పడిపోయే వొక స్త్రీని గురించి ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే రాశాడు. 1934లో లండన్‌లో, గ్రీనిచ్‌లోని వొక బీదల ఆసుపత్రిలో పనిచేసే మేరీ వాకర్ అనే డాక్టరు, యీ జబ్బుకూ క్యురారే విషానికీ పోలిక గమనించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ వాడి, వాలిన కనురెప్పను లేపగలిగింది. 1973లో పాట్రిక్, లిండ్‌స్ట్రామ్ అనే శాస్త్రజ్ఞులు విద్యుత్ ఈలు చేప గ్రాహకాలను కుందేళ్లకు ఎక్కించగా, వాటి కండరాలూ యిలాగే చచ్చుబడ్డాయి. విల్లిస్ రాతకూ, శరీరమే శరీరాన్ని దెబ్బతీస్తుందన్న యీ రుజువుకూ మధ్య మూడువందల యేళ్లు గడిచాయి.

ఆసుపత్రి వరుసలో నాముందు వొక కూలీ స్త్రీ నిలబడింది. “పొద్దున పది తట్టలు మోస్తాను సారూ. పదకొండోదానికి చెయ్యి లేవదు. నటిస్తున్నావంటాడు మేస్త్రీ,” అంది. డాక్టరు యిద్దరికీ వొకటే సలహా యిచ్చాడు: మాత్రలు వేళకు వేసుకోండి, విశ్రాంతి తీసుకోండి. పూట విశ్రాంతి తీసుకుంటే ఆమెకు పూట కూలి పోతుంది. సలహా వొకటే అయినా దాని ఖరీదు యిద్దరికీ వొకటి కాదు.

యిక్కడ నేను ఆత్మవిమర్శ చేసుకోవాలి. పదేళ్లుగా క్లాసులోనూ వ్యాసాల్లోనూ శ్రామికుణ్ణి ‘అలుపెరుగని’ వాడని పొగుడుతూ వచ్చాను. మన అభ్యుదయ రచనలో ఉక్కుకండరాలకు కొదవలేదు. కాని అలుపెరుగని మనిషి యెవరికి కావాలి? మేస్త్రీకి కావాలి. 1886లో చికాగో కార్మికులు యెనిమిది గంటల పనిదినం కోరింది, తాము అలిసిపోయే మనుషులమని చెప్పడానికే కదా? ఆ మాట మరిచి, యజమాని మెచ్చుకోలును మనం కవిత్వంగా చలామణీ చేశాం. పదకొండో తట్ట యెత్తలేని స్త్రీకి మన రచనలో చోటు లేకుండా చేశాం.

యిప్పుడు పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకుని క్లాసుకు పోతున్నాను. అది మూడు నాలుగు గంటలు ఆదుకుంటుంది. మధ్యలో కుర్చీలో కూర్చుంటాను; యెందుకో విద్యార్థులకు చెప్పాను, నవ్వడం మానేశారు. ఆ మేస్త్రీకి యీ సంగతి చెప్పేవాళ్లెవరూ లేరు.